బ్యాటరీ పీకింది నేనే, కారణం కూడా వినండి: పొగ అలారాలు చేసేవారికి, బిగించేవారికి, ప్రమాణాలు రాసేవారికి బహిరంగ లేఖ

ఇళ్లకు పొగ అలారాలు తయారుచేసే కంపెనీలకు, వాటిని మా పైకప్పులకు బిగించే కాంట్రాక్టర్లకు, ఇళ్లు అద్దెకిచ్చే యజమానులకు, అగ్ని భద్రత ప్రమాణాలు రాసే కమిటీల సభ్యులకు,

నమస్కారం.

మీ పరికరం ప్రాణాలు కాపాడుతుంది. ఆ విషయంలో నాకు మీతో పేచీ లేదు. ఉంటే ఈ ఉత్తరమే రాసేవాణ్ని కాను, ఆ పెట్టెను పీకి అటక మీద పడేసి హాయిగా నిద్రపోయేవాణ్ని. చాలామంది చేస్తున్నది అదే. వాళ్లెవరూ మీకు ఉత్తరాలు రాయరు కాబట్టి నేను రాస్తున్నాను.

ముందు నా నేరం ఒప్పుకుంటాను. మేం ఉండే అద్దె ఇంట్లో అలారం వంటగది గుమ్మం పైన, పొయ్యికి ఆరడుగుల దూరంలో ఉంది. మేం దిగేనాటికే దాన్ని అక్కడ బిగించి ఉంచారు. మొదటి నాలుగు నెలల్లో 19 సార్లు మోగింది. మోగిన ప్రతిసారీ గోడ క్యాలెండర్‌లో ఆ తేదీకి సున్నా చుడుతూ వచ్చాం కాబట్టి ఈ లెక్కలో నాకు అనుమానం లేదు. పెనం వేడెక్కితే మోగింది, స్నానాల గది తలుపు తెరిస్తే మోగింది, ఒకసారి ఏమీ లేకుండానే తెల్లవారుజామున మూడున్నరకు మోగింది. ఇన్నిసార్లలో ఒక్కసారి కూడా మంట లేదు. ఇరవయ్యోసారి కూడా పెనమే. కుర్చీ ఎక్కి బ్యాటరీ పీకేశాను. పదకొండు వారాల పాటు ఆ బ్యాటరీ నా బల్ల సొరుగులోనే ఉంది. ఆ పదకొండు వారాలూ ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులతో ఉన్న మా అమ్మ అదే ఇంట్లో పడుకున్నారు.

పీకడానికి ముందు అడగాల్సినవాళ్లందరినీ అడిగాను. తయారీ కంపెనీకి రెండు ఉత్తరాలు రాశాను. పరికరం నిర్దేశించిన విధంగానే పనిచేస్తోందని, అప్పుడప్పుడూ దుమ్ము దులపమని జవాబు వచ్చింది. బిగించిన కాంట్రాక్టరును అడిగితే ప్లాన్‌లో అక్కడే చూపించారన్నాడు. ఇంటి యజమాని అయితే దాన్ని కదిలిస్తే ఒప్పందం ఉల్లంఘించినట్టేనన్నారు. ముగ్గురిలో ఎవరూ అబద్ధమాడలేదు. ఎవరి గీతలో వాళ్లు నిలబడే మాట్లాడారు. ఆ గీతల మధ్య మిగిలిపోయిన జాగాలో మా ఇల్లుంది.

వీటిని తప్పుడు అలారాలు అంటున్నాం గానీ నిజానికి ఆ పెట్టె అబద్ధం చెప్పదు. 'నాన్నా పులి' కథలో కుర్రాడు ఆటపట్టించడానికి అరిచాడు. ఇది పిల్లిని చూసి నిజంగానే పులి అనుకుని అరుస్తుంది. దానికి పులిని, పిల్లిని విడదీసి చూడటం నేర్పాల్సింది మీరు. నేర్పకుండా మా ఇంటికి పంపి, దాని అరుపు భరించలేకపోతే తప్పు మాదంటున్నారు.

ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలని మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ ఈ లేఖ చదివే మామూలు జనానికి ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు, కాబట్టి చెబుతున్నాను. అయొనైజేషన్ రకంలో అమెరిషియం-241 అనే రేడియోధార్మిక పదార్థం అణుమాత్రం ఉంటుంది. అది రెండు పలకల మధ్య గాలిని అయాన్లుగా, అంటే విద్యుదావేశమున్న కణాలుగా మార్చి అతి చిన్న విద్యుత్ ప్రవాహాన్ని నడుపుతుంది. పొగ కణాలు లోపలికొచ్చి ఆ అయాన్లను పట్టుకుంటే ప్రవాహం తగ్గుతుంది, అలారం మోగుతుంది. భగ్గుమని లేచే మంటల నుంచి వచ్చే సన్నటి కణాలను ఇది త్వరగా పసిగడుతుంది. చిక్కేమిటంటే, వేడెక్కిన పెనం నుంచి మన కంటికి ఇంకా పొగే కనిపించకముందు లేచేవి కూడా అలాంటి సన్నటి కణాలే. ఫోటోఎలక్ట్రిక్ రకం కాంతితో పనిచేస్తుంది. పెట్టె లోపలి చీకటి అరలో ఒక పక్కకు వెళ్లే కాంతిరేఖను పొగ కణాలు చెదరగొడితే, ఆ చెదిరిన కాంతి సెన్సర్ మీద పడి అలారం మోగుతుంది. పరుపులు, సోఫాలు మంట లేకుండా లోలోపల రగులుతూ వదిలే దట్టమైన పొగను ఇది ముందుగా పడుతుంది, వంటకు అంత తొందరపడదు. అయితే స్నానాల గది ఆవిరిని, దుమ్మును చూసి మోసపోతుంది. లోపల సాలీడు కాపురం పెట్టినా మోగుతుంది. రెండింటిలో ఏదీ అన్నిటికీ పనికొచ్చేది కాదు.

ఈ యంత్రం పుట్టుక కథ నాకు భలే ఇష్టం. 1930లలో స్విట్జర్లాండ్‌కు చెందిన వాల్టర్ యేగర్ అనే భౌతిక శాస్త్రవేత్త విషవాయువును పసిగట్టే పరికరం చేయబోయాడట. విషవాయువుకు అది ఉలకలేదు, పలకలేదు. విసుగొచ్చి సిగరెట్ వెలిగిస్తే మీటరు ముల్లు కదిలిందని చెబుతారు. అంటే గదిలో మంటే లేనప్పుడు అది మొదటిసారి స్పందించిందన్నమాట. అప్పటి నుంచి దాదాపు తొంభై ఏళ్లు గడిచాయి. అమెరిషియం-241 సగానికి తగ్గడానికి 432 ఏళ్లు పడుతుంది. మా ఓపికకు అంత ఆయుష్షు లేదు.

దీనివల్ల మామూలు ఇళ్లలో జరుగుతున్నదేమిటో వరసగా చెబుతాను.

1. అలారం ఉన్న ఇల్లు అలారం లేని ఇల్లయిపోతుంది. అన్నిటికంటే పెద్ద నష్టం ఇదే. ఇళ్లలో జరిగే అగ్నిప్రమాద మరణాల్లో ప్రతి 5లో సుమారు 3 అసలు అలారం లేని, లేదా ఉన్నా పనిచేయని ఇళ్లలోనే జరుగుతున్నాయని అమెరికా గణాంకాలు ఏళ్ల తరబడి చెబుతున్నాయి. ఉన్న అలారం ఎందుకు మోగలేదని వెతికితే ఎక్కువగా బయటపడేది బ్యాటరీ లేకపోవడం, తీసేసి ఉండటం, లేదా అయిపోవడం. ఈ అంకెలు చదివి మీరు 'ప్రజల్లో అవగాహన పెంచాలి' అంటారు. అవగాహనకు ఏమీ లోటు లేదు. ఆ పెట్టె ఎందుకుందో తెలియక నేను బ్యాటరీ పీకలేదు, తెలిసే పీకాను. రాత్రి ఎనిమిదికి చంటిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే, మూడు మీటర్ల దూరంలో 85 డెసిబెల్స్ కూత మోగుతుంటే, ఎప్పుడో రావచ్చేమో అనిపించే మంట కంటే ఇప్పుడు చెవులు పగలగొడుతున్న శబ్దమే పెద్ద ప్రమాదంగా తోస్తుంది. మనిషి బుద్ధి అంతే, అందరిదీ అంతే. అది మీకు తెలిసి ఉండాలి.

పన్నెండో వారంలో ఒక మధ్యాహ్నం మా అమ్మ పొయ్యి మీద గిన్నె పెట్టి మరిచిపోయి నడుం వాల్చింది. పొగను నా ముక్కు పసిగట్టింది, అలారం పసిగట్టలేదు. నేను ఇంట్లోనే, మెలకువగా ఉన్నాను కాబట్టి సరిపోయింది. అదే రాత్రయితే? నిద్రలో ముక్కు కూడా నిద్రపోతుంది, పొగ వాసనకు మెలకువ వస్తుందన్న నమ్మకం లేదు. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్టీ 2004లో వెలువరించిన పరీక్షల్లో, మంటలు లేచాక బయటపడటానికి దొరికే సమయం సుమారు 3 నిమిషాలే. 1970ల నాటి పరీక్షల్లో అది 17 నిమిషాలు. ఇళ్లలో నురుగు పరుపులు, ప్లాస్టిక్ సామాను పెరిగిన కాలమిది. ఆ 3 నిమిషాల్లో ఒక్క నిమిషం కూడా వదులుకునే స్థితిలో మేం లేము. అయినా నేను పదకొండు వారాలు వదులుకున్నాను. ఆ రోజు సాయంత్రమే బ్యాటరీ మళ్లీ పెట్టాను.

2. మోగినా పట్టించుకోకపోవడం అలవాటవుతుంది. మొదట్లో మా చిన్నవాడు అలారం మోగగానే చెవులు మూసుకుని వీధి గుమ్మం వైపు పరుగెత్తేవాడు. సరిగ్గా చేయాల్సిన పని అదే. నాలుగో నెలకొచ్చేసరికి బొమ్మ మీంచి తలెత్తకుండా "నాన్నా, మోగుతోంది" అని చెప్పి మళ్లీ రంగులేసుకుంటున్నాడు. వాడికి ఈ పాఠం నేర్పింది మేం కాదు. దీన్ని ఎలా మరిపించాలో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. బ్యాటరీ పీకినదాన్ని తిరిగి పెట్టగలిగాను గానీ దీనికి నా దగ్గర మందు లేదు.

3. అర్ధరాత్రి కీచు. బ్యాటరీ నీరసించినప్పుడు నిమిషానికోసారి వచ్చే ఆ చిన్న కూత పట్టపగలు మొదలవడం నేనైతే ఎప్పుడూ చూడలేదు. కారణం తెలిసినదే. తెల్లవారుజామున ఇల్లు చల్లబడితే బ్యాటరీ శక్తి ఇంకాస్త తగ్గుతుంది, హెచ్చరిక గీత దాటుతుంది. పొద్దెక్కి గది వెచ్చబడగానే మళ్లీ నోరు మూసుకుంటుంది. ఉదయం లేచి ఏ గదిలోదో కనుక్కుందామంటే ఆనవాలు దొరకదు. మరుసటి రాత్రి మళ్లీ మొదలు. పైగా బ్యాటరీ అయిపోయినా, పరికరం కాలం తీరినా దాదాపు ఒకే కూత. కాలం తీరిన పెట్టెకు కొత్త బ్యాటరీ వేసి, అది ఆగకపోయేసరికి పిచ్చెక్కి సుత్తితో కొట్టిన మనిషి నాకు తెలుసు. (నేను కాదు.)

4. ముసలివాళ్లు కుర్చీలెక్కుతున్నారు. అలారం ఆపాలంటే పైకప్పును అందుకోవాలి. మా అమ్మ ఒంటరిగా ఉన్నప్పుడు ఒకసారి స్టూలెక్కి, దిగలేక, గోడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ప్రాణం కాపాడే వస్తువు నడుం విరగ్గొడితే ఏమనుకోవాలి? ఇంకో విడ్డూరం కూడా ఉంది. మామూలు అలారాల కూత 3000 హెర్ట్జ్ పైన ఉంటుంది. వయసు మీద పడ్డవాళ్లకు ముందుగా తగ్గేది సరిగ్గా ఆ హెచ్చుస్థాయి శబ్దాలు వినే శక్తే. 520 హెర్ట్జ్ దగ్గరి మంద్ర శబ్దం వినికిడి తగ్గినవాళ్లను, గాఢనిద్రలో ఉన్న పిల్లలను మెరుగ్గా లేపుతుందని పరిశోధనల్లో తేలింది. అయినా మా ఇళ్లకు వచ్చేది ఆ కీచు పెట్టే.

5. అద్దెకున్నవాళ్లు రెండు వైపులా ఇరుక్కున్నారు. పీకితే జరిమానా, పీకకపోతే నిద్ర లేదు. చోటు మార్చే హక్కు అసలే లేదు.

6. అలారాలన్నీ ఒకదానితో ఒకటి కలిపిన ఇళ్లలో ఒకటి మోగితే అన్నీ మోగుతాయి. మంచి ఏర్పాటే, కాదనను. కానీ మొదలుపెట్టింది ఏదో తెలియాలంటే ప్రతి గదిలో తలెత్తి ఏ ఎర్రదీపం వేగంగా మినుకుతోందో చూడాలి. ఆ గుర్తు సంగతి కూడా సూచనల కాగితంలో ఏ మూలో ఉంటుంది. చీకట్లో, ఆ హోరులో, కళ్లద్దాలు వెతుక్కుంటూ ఎవరు చూస్తారు? తేలిక మార్గం అన్నిటినీ విప్పేయడమే. అంటే ఒక్క గదిలోని ఆవిరి ఇల్లంతటి రక్షణనూ తీసేస్తోంది.

మా వైపు తప్పులు లేవనను. రంగులు వేసేటప్పుడు అలారం మీద కూడా ఒక పూత లాగించేస్తాం, దాని పక్కనే పురుగుల మందు కొడతాం. పదేళ్లకోసారి మొత్తం పరికరాన్ని మార్చాలని మాలో చాలామందికి తెలియదు, వెనక అచ్చేసిన తేదీని ఎవరం చూడం. నెలకోసారి పరీక్ష మీట నొక్కమంటే ఏడాదికోసారి కూడా నొక్కం. ఇవన్నీ సరిదిద్దుకోవాల్సినవే. కానీ పొయ్యికి ఆరడుగుల దూరంలో బిగించింది మేం కాదు.

మేం అడగబోయేవి ఆకాశంలోంచి ఊడిపడ్డ కోరికలు కావు. చాలావరకు మీలోనివారే రాసిపెట్టినవి. కదలని పొయ్యికి 10 అడుగుల లోపల మామూలు పొగ అలారం పెట్టకూడదని, 10 నుంచి 20 అడుగుల మధ్య పెడితే వంట పొగకు తొందరపడని రకం పెట్టాలని అమెరికాలోని జాతీయ అగ్ని రక్షణ సంఘం రాసిన ఎన్ఎఫ్‌పీఏ 72 నియమావళి చెబుతుంది. స్నానాల గది తలుపుకు, ఫ్యాను రెక్కల కొసకు 3 అడుగుల దూరం ఉండాలని కూడా అందులో ఉంది. పొగ అలారాలను పరీక్షించే అమెరికా ప్రమాణం యూఎల్ 217, దాని 8వ కూర్పులో మాంసం కాల్చినప్పుడు వచ్చే పొగకే తొందరపడి మోగకూడదన్న పరీక్షను చేర్చారు. పాలీయురెథేన్ నురుగు రగిలినా మండినా సకాలంలో పట్టాలన్న పరీక్షలు కూడా అందులోనే ఉన్నాయి. అంటే వంటనూ నిప్పునూ విడదీయగల సెన్సర్ చేయడం సాధ్యమేనని మీరే ఒప్పుకున్నారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం 2027 జనవరి 1 నాటికి ప్రతి ఇంట్లోనూ ఒకదానితో ఒకటి కలిసిన ఫోటోఎలక్ట్రిక్ అలారాలే ఉండాలని, వాటిలో అయొనైజేషన్ సెన్సర్ ఉండకూడదని 2017 నుంచి అంచెలంచెలుగా అమలు చేస్తోంది. ఇంత తెలిసి కూడా పాత సరుకును పాత చోట్లలోనే బిగిస్తూ పోతే దాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

ఇక మా కోరికలు.

అ) దూరం నియమం పాటించని బిగింపును తప్పుడు బిగింపుగా లెక్కకట్టండి. దాన్ని సరిచేసే ఖర్చు బిగించినవారిదో యజమానిదో కావాలి, ఇంట్లో ఉండేవారిది కాకూడదు. ఒకే గదిలో వంట, పడక రెండూ ఉండే చిన్న ఇళ్లలో 10 అడుగుల దూరమే దొరకదు. అక్కడ వంట పొగ పరీక్షకు నిలిచిన అలారం తప్ప మరొకటి అనుమతించకండి. విడిగా ఉన్న వంటగదిలో పొగకు బదులు వేడిని పసిగట్టే అలారం పెట్టి, పొగ అలారాన్ని పడక గదుల దగ్గరికి జరపండి.

ఆ) ఏ రకం సెన్సరో పెట్టె ముందు వైపు, దుకాణంలో నిలబడ్డ మనిషి చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో, ఆ మనిషి భాషలో రాయండి. 'పొయ్యికి దగ్గరగా పెట్టవద్దు' అన్న మాట సూచనల కాగితంలో పదిహేడో వాక్యంగా కాకుండా పరికరం ఒంటి మీదే ఉండాలి.

ఇ) తాత్కాలికంగా నోరు మూయించే మీట నేల మీద నిలబడి అందుకునేలా ఇవ్వండి, గోడ మీద స్విచ్ గానో చేతిలో రిమోట్ గానో. ఈ మీట నొక్కితే కొన్ని నిమిషాలు ఊరుకుని, అలారం తనంతట తానే మళ్లీ కాపలాకు వస్తుంది, పొగ మరీ దట్టమైతే ఊరుకోదు కూడా. బ్యాటరీ పీకడానికి ఇంతకంటే మంచి బదులు లేదు. ఆ మీట ఉందని తెలియకనే నేను మొదటి తొమ్మిదిసార్లు తువ్వాలు ఊపుతూ నిలబడ్డాను.

ఈ) బ్యాటరీ హెచ్చరికను పగటికి వాయిదా వేయండి. వారాల ముందే నీరసం పసిగట్టగల పరికరానికి పొద్దున్న పదింటికి కూయడం కష్టమేమీ కాదు. బ్యాటరీకి, దుమ్ముకు, కాలం తీరడానికి వేర్వేరు గుర్తులు పెట్టండి. ఏ గదిలోది మొదట మోగిందో గుర్తుంచుకుని, నిశ్శబ్దం అయ్యాక తీరిగ్గా చూపించేలా చేయండి.

ఉ) మాటిమాటికీ మోగుతోందని ఫిర్యాదు వస్తే 'నిర్దేశించిన విధంగానే పనిచేస్తోంది' అన్న వాక్యాన్ని ఇక వాడకండి. ఎక్కడ బిగించారో అడగండి, చోటు తప్పయితే చెప్పండి, చోటు సరైనదైతే వేరే రకం పంపండి.

ఊ) ప్రమాణాల కమిటీలకు ప్రత్యేకంగా ఒక మాట. నిప్పంటుకున్నప్పుడు ఎన్ని సెకన్లలో మోగిందో కొలుస్తారు. నిప్పు లేనప్పుడు ఒక మామూలు ఇంట్లో ఏడాదికి ఎన్నిసార్లు మోగిందో కూడా మోడల్ వారీగా కొలిపించి, ఆ అంకెను అందరికీ కనిపించేలా పెట్టండి. కొనేవాడికి ఆ ఒక్క అంకె చాలు. అయొనైజేషన్ అయినా ఫోటోఎలక్ట్రిక్ అయినా, రెండూ కలిసినదైనా సరే, ఎవరిది ఎక్కువ మోగుతుందో వాళ్లే సరిచేసుకుంటారు.

బ్యాటరీ తిరిగి పెట్టాక నేను సొంత ఖర్చుతో ఒక ఫోటోఎలక్ట్రిక్ అలారం కొని, పొయ్యికి పదిహేను అడుగుల అవతల, పడక గదుల గుమ్మం దగ్గర అంటించాను. గోడకు మేకు కొట్టనివ్వలేదు కాబట్టి పైకప్పుకు జిగురు పట్టీతో అంటించాల్సి వచ్చింది. అది ఊడిపోకుండా ఎన్నాళ్లుంటుందో తెలియదు, వారానికోసారి తడిమి చూస్తున్నాను. ఇప్పటివరకు పరీక్ష మీట నొక్కినప్పుడు తప్ప అది మోగలేదు. గుమ్మం పైన ఉన్న పాతదాన్ని తీయడానికి యజమాని ఇంకా ఒప్పుకోలేదు. ఈ ఉత్తరం రాయడం మొదలుపెట్టిన దగ్గర నుంచి అది రెండుసార్లు మోగింది. క్యాలెండర్‌లో రెండు సున్నాలు చుట్టాను, చిన్నవాడు తలెత్తలేదు.

30 రోజుల్లోగా మీ జవాబు కోసం ఎదురుచూస్తాను. నాకు విడిగా కాకుండా, అందరూ చదివేలా ఇవ్వండి.

ఇట్లు,
వంటగది గుమ్మం పైన అలారం ఉన్న ఒక అద్దె ఇంటి మనిషి